పాత చింతపండు, మాడిన బెల్లం

సూరిబాబు రెండో డబ్బా మూత తీస్తుంటే నేను చూశాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నాన్నగారికి చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి రెండుసార్లు అడిగినా చెప్పలేదు.

దయ్యాల సంగతి ముందే రాసేస్తాను. నాకు వాటి మీద ఎప్పుడూ నమ్మకం లేదు. చీకటిపడ్డాక పెరట్లోకి వెళ్లాలంటే మా అమ్మ నన్ను తోడు రమ్మంటుంది గాని, నేను ఎవర్నీ రమ్మనను. గ్రంథాలయం నుంచి తెచ్చుకునే పుస్తకాల్లో అలాంటి కథలుంటే సరదాగా చదివి తిరిగి ఇచ్చేస్తాను. ఇది ఆ బాపతు కాదు. ఆ ఏడాది డైరీ ఇప్పుడు నా ముందుంది. అందులో ఏ రోజుకారోజు రాసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మాది రామచంద్రపురం. నాన్నగారికి బజార్లో బట్టల కొట్టుంది. ఆయన అక్కగారు, అంటే మా మేనత్త మాణిక్యమ్మగారు, మాతోనే ఉండేవారు. ఆవిడకి పిల్లల్లేరు. కొట్టు మొదట్లో ఆవిడ భర్త, అంటే మా మావయ్య, నాన్నగారు కలిసి పెట్టిందే. బేరాలు నాన్నగారివి, రంగులు మావయ్యవి అనేవారు. ఏ చీర తెచ్చినా దాని మీదకి సరిపోయే జాకెట్టు ముక్క తీసివ్వడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ద్రాక్షారామం నుంచి, కోటిపల్లి నుంచి కూడా ఆడవాళ్లు చీరలు సంచుల్లో పెట్టుకుని వచ్చేవారు. కొట్టు మెట్లెక్కి మగవాళ్ల మధ్య నిలబడటానికి వాళ్లు మొహమాటపడుతున్నారని ఆ పని మావయ్య మా ఇంటి వీధి గదిలోకి మార్చారు. గదిలో ఒక పక్క గోడ పొడుగునా చెక్క బీరువా, దాని నిండా ముక్కలు. ఎదురు గోడకి తల ఆన్చి చాప మీద మావయ్య కూర్చునేవారు. పక్కన అత్తయ్య.

ఆయన తల ఆనేచోట గోడకి నూనె మరక పడింది. అరచేయంత ఉండేది. ఏటా పండక్కి సున్నం వేయించేవాళ్లం. వేసిన నెలకి అది మళ్లీ పసుప్పచ్చగా పైకి తేలేది. నూనె మరక సున్నానికి లొంగదని అందరికీ తెలుసు కాబట్టి దాన్నెవరూ పట్టించుకోలేదు. మావయ్య పోయి అప్పటికి ఆరేళ్లు. ఆయన పోయాక ఆ పని అత్తయ్య చూసేవారు. ఆయన చోటికి పక్కన, తను ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చునేవారు. ఆయన చోటు ఖాళీగా ఉండేది.

ఎవరి గదిలోకైనా వెళ్తే వెంటనే పలకరించడం నాకు చేతకాదు. వాళ్లు చూసి మాట్లాడేదాకా గుమ్మం దగ్గరే నిలబడతాను. ఈ అలవాటు మీద మా అమ్మ విసుక్కోని రోజు లేదు. అత్తయ్య గుట్టు బయటపడింది ఈ అలవాటు వల్లే.

ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాతి ఏడు వేసవి. మధ్యాహ్నం అత్తయ్య నూతి దగ్గర మొహం కడుక్కుంటున్నారు. కళ్లకి నీరు కారుతోందని రెండేళ్లుగా చలవ కళ్లద్దాలు పెట్టుకునేవారు. అవి నూతి గట్టు మీద ఉన్నాయి. నేను తువ్వాలు పట్టుకుని ఆవిడకి ఎదురుగా, రెండడుగుల దూరంలో నిలబడ్డాను. ఆవిడ నన్ను దాటి చెయ్యి చాపి గోడ మేకు కోసం తడిమారు. మేకు దొరికింది, తువ్వాలు దొరకలేదు. మళ్లీ తడిమారు. ఆ చెయ్యి నా మొహానికి తగిలేంత దగ్గరగా వచ్చి వెళ్లింది. అప్పుడు చూశాను ఆవిడ కళ్లు. నల్లగుడ్డు మధ్యలో కొబ్బరిపాలు పోసినట్టు తెల్లగా ఉంది. రెండింటిలోనూ.

"ఎవరది?" అన్నారు.

నేను తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"పిలిస్తే పలకవు కాబట్టి వరాలువే అయ్యుంటావు. ఎంతసేపైందే వచ్చి?"

తువ్వాలు చేతికిచ్చాను. మొహం తుడుచుకుని, అద్దాలు పెట్టుకుని, నా మణికట్టు పట్టుకున్నారు.

"పోయిన దీపావళికి మతాబాలు కనపడ్డాయి. ఆ తర్వాత వెలుతురు తప్ప ఏమీ లేదు. మీ నాన్నకి చెప్పకు. నా మీద ఒట్టు."

చెప్పనన్నాను. ఆవిడకి ఆపరేషనంటే భయమేమో అనుకున్నాను. ఆ రాత్రి డైరీలో ఆ సంగతి రాసుకుంటుంటే పెన్ను ఆగిపోయింది. ఆ రోజు పొద్దున్నే ఒకావిడ నెమలికంఠం చీర తెచ్చింది. అత్తయ్య నాలుగు నీలాల్లోంచి ఒక ముక్క తీసి ఇచ్చారు. అది చీరలోంచి కత్తిరించినట్టే ఉంది. ఆవిడ మురిసిపోయి, "ఈ వయసులో ఏం చూపండీ మాణిక్యమ్మగారూ, డేగ చూపు!" అంటూ వెళ్లింది. ఆ మాటప్పుడు నేను అక్కడే ఉన్నాను.

ముక్కల్ని అత్తయ్య చేత్తో తడిమి పోలుస్తున్నారేమో అనుకున్నాను మొదట. ఒక్కో రంగు ఒక్కో బరువుంటుందేమో, అద్దకంలో తేడా వేలికి తెలుస్తుందేమో. కాని ఒక సాయంత్రం ఆవిడ చేతిలో రెండు ముక్కలుండగా కరెంటు పోయింది. ముక్కలు ఒళ్లో పెట్టేసుకుని, "లాంతరు తేవే, కనపడట్లేదు" అన్నారు. లాంతరు తెచ్చాక రంగులు చెప్పారు. వేళ్లకి దీపంతో పనేముంది? ఇది నేను డైరీలో రెండు గీతలు కొట్టి రాసుకున్నాను.

తర్వాత ఇంకోటి కనిపెట్టాను. ఏ ముక్క ఇచ్చినా ఆవిడ తన మొహానికి ఎదురుగా పెట్టుకోరు. పక్కన ఖాళీగా ఉన్న మావయ్య చోటు వైపు తిప్పి పట్టుకుంటారు. కొంచెంసేపు ఆగుతారు. మనిషి ఒక రంగుని చూసి తేల్చుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. దగ్గర దగ్గర రంగులైతే ఎక్కువసేపు. నేను ముక్కని ఆవిడ కళ్ల ముందు, గోడకి పెడమొహంగా పట్టుకుంటే, "ఇటు కాదే, అటు" అని నా మణికట్టు పట్టి మరక వైపు తిప్పేవారు.

నాకు తెలిసిన రంగు నా ఊపిరిని బట్టి పసిగడుతున్నారేమో అన్న అనుమానం మిగిలింది. అందుకని నేరేడు రంగు ముక్క ఒకటి, వంకాయ రంగు ముక్క ఒకటి దిండుగలీబులో వేసి, కళ్లు మూసుకుని ఒకటి తీసి, మరక వైపు పట్టుకున్నాను. ఆవిడ చెప్పాక కళ్లు తెరిచి చూసుకునేదాన్ని. ఒకటి కాదు, పదకొండుసార్లు. పదకొండూ సరిగ్గా చెప్పారు. పన్నెండోసారి చెయ్యి గలీబులో ఉండగా అత్తయ్య నవ్వారు.

"ఏంటే, నాకు పరీక్ష పెడుతున్నావా? పిల్ల కళ్లు మూసుకుని తీస్తోంది మాణిక్యం అంటున్నారు మీ మావయ్య."

గలీబు నా చేతిలోంచి జారిపోయింది. కళ్లు మూసుకున్నట్టు ఆవిడకి ఎలా తెలుస్తుంది?

ఆ మధ్యాహ్నమే ఆవిడ నాకు చెప్పారు. చూపు పోయిన నెలకి, ఎవరో చీర తెస్తే దిక్కుతోచక కూర్చుని ఉండగా, ఎడమ చెవి పక్క మావయ్య గొంతు వినపడిందట. పెద్దగా కాదు. కొట్టులో పనిచేస్తూ మాట్లాడే గొంతు. 'అది కాదు, దాని కిందది' అన్నారట. అంతే. రంగుల మాట తప్ప ఇంకేమీ మాట్లాడరట. బాగున్నావా అని కూడా అడగరట.

"బతికున్నప్పుడు మాత్రం అడిగారా ఏంటి!" అన్నారు అత్తయ్య, మూతి ముడుచుకుని.

కాకినాడలో కళ్ల డాక్టర్లున్నారు కదా, శుక్లాలు తీస్తే చూపొస్తుందంటారు కదా అన్నాను. అంత పొడుగు మాట నేను ఆవిడతో మాట్లాడటం అదే మొదలు. అత్తయ్య ముక్కలు ఒక్కొక్కటే మడత పెట్టారు.

"కళ్లొస్తే నేనే చూసుకుంటాను కదే. అప్పుడిక ఆయనకి ఇక్కడ పనేముంటుంది?"

ఆ ఏడు దసరాకి ముందు నాన్నగారు వీధి గదికి రంగు వేయించాలన్నారు. వచ్చిన ఆడవాళ్లందరూ గోడలకి తలలు ఆన్చి కూర్చోవడంతో గదంతా మరకలే. "ఈ తాలూకాలో ఆడవాళ్ల తలనూనె అంతా మన గోడలకే ఉందక్కా" అనేవారు ఆయన. నేల నుంచి గుండె ఎత్తు దాకా ముదురు రంగు ఆయిల్ పెయింట్ వేస్తే ఇక మరకన్నది కనపడదు, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. రంగుల కొట్టు నుంచి నమూనా అట్ట తెచ్చారు. చిన్నచిన్న రంగు ముక్కలు అంటించిన అట్ట. అందులో రెండిటికి పెన్సిలుతో సున్నాలు చుట్టారు.

"నాకు రెండూ ఒకటేలా ఉన్నాయి. ఏది వేయించమంటావో నువ్వే చెప్పక్కా."

అత్తయ్య అట్ట తీసుకుని మరక వైపు తిప్పారు. నాన్నగారు మాత్రం అక్కయ్య వెలుతురుకి తిప్పి చూస్తోందనుకున్నారు.

"ఒకటి పాత చింతపండు. ఒకటి మాడిన బెల్లం. చింతపండులో అడుగున ఎరుపుంది. బెల్లంలో అడుగున నలుపుంది."

నేను అట్ట కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. రెండూ నల్లటి గోధుమరంగే. చాలాసేపు చూస్తే, ఆవిడ చెప్పారు కాబట్టి, ఉన్నట్టే అనిపించింది.

మరక ఉన్న మేర వదిలెయ్యమని అత్తయ్య అడిగారు. నాన్నగారు నవ్వారు. "గోడ మధ్యలో తెల్లబొట్టా? వచ్చినవాళ్లు మనకేదో అయిందనుకుంటారు." ఎందుకు వదలాలో చెప్పలేక అత్తయ్య ఊరుకున్నారు.

రంగులేసే సూరిబాబు వచ్చి, నూనె మరక మీద పెయింటు పట్టుద్దో లేదో చూడాలండి అని, సరిగ్గా దాని మీదే రెండు రంగులూ నమూనాకి పూసి వెళ్లాడు. ఎడమ సగం మీద చింతపండు, కుడి సగం మీద బెల్లం. మధ్యలో సన్నటి గీత. రెండ్రోజులు ఆరాక ఆ గీత ఎక్కడుందో నేను కూడా వెతుక్కోవలసి వచ్చింది.

ఆ రెండ్రోజులూ అత్తయ్య తలనొప్పని ఎవరికీ ముక్కలు తియ్యలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నాక నన్ను పిలిచి తలుపు దగ్గరగా వెయ్యమన్నారు.

ముక్కని ఎడమ సగానికి ఎదురుగా పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. ఆగారు. మామూలు కంటే ఎక్కువసేపు. "ఆవపువ్వు పసుపు" అన్నారు. సరే. కుడి సగానికి ఎదురుగా పట్టుకున్నాను. ఆవిడ మెడ వంచి వింటున్నట్టు ఉండిపోయారు. వీధిలో ఒక బండి వెళ్లిపోయింది. ఏమీ చెప్పలేదు. ముక్క మార్చి మళ్లీ ఎడమకి పట్టాను, చెప్పారు. కుడికి పట్టాను, చెప్పలేదు. ఇలా నాలుగేసిసార్లు. అన్నీ రాసి ఉన్నాయి.

"చింతపండులోంచి తెర వెనక నుంచి చూసినట్టుందిట. బెల్లంలోంచి తలుపేసేసినట్టుందిట" అన్నారు. ఆ రోజు ఆవిడ గొంతులో ఉన్న సంతోషానికి నాకు భయం వేసింది.

నేను ఆ మాటలు నమ్మానా? ఇప్పటికీ తెలియదు. ఎడమా కుడీ తేడా మటుకు నా కళ్లతో చూశాను.

నాన్నగారితో గోడలన్నిటికీ చింతపండే అని చెప్పారు అత్తయ్య. తలుపులకీ కిటికీకీ బెల్లం రంగు వెయ్యమన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "రంగు వాసనకి నాకు దగ్గొస్తుంది, నేను వెనక గదిలో ఉంటాను. నువ్వు ఇక్కడ కూర్చో. ఈ గోడకి మాత్రం చింతపండే పడాలి. నాకు కనపడదు కదా, నువ్వే చూడాలి" అన్నారు.

నేను పొద్దున్నుంచీ గడప మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు బజారుకి సెలవు. సూరిబాబూ అతని బావమరిదీ బీరువా ముందుకి జరిపి ముందు ఆ గోడ పూర్తిచేశారు. తర్వాత పక్క గోడలు రెండూ. మరక ఉన్న గోడని గరుకు కాగితంతో రుద్ది, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరాలని ఆఖరికి ఉంచారు. దాని దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. సూరిబాబు చింతపండు డబ్బా వంచి కర్రపుల్లతో అడుగు గీకాడు. ఏమీ లేదు. వీధిలోకి చూశాడు. రంగుల కొట్టు మూసి ఉంది. మర్నాడు అతనికి వేరే ఊళ్లో పనుంది.

తలుపుల కోసం ఉంచిన డబ్బా మూత మేకుతో లేపాడు. లేపి తలెత్తేసరికి నేను చూస్తున్నాను.

"ఏమీ అనుకోకండి అమ్మాయిగారు. ఆరాక మీరూ నేనూ కాదు, ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చినా పోల్చలేడండి" అన్నాడు.

వాళ్ల బావమరిది నవ్వాడు. నేను కూడా నవ్వాను.

ఆ నవ్వు గురించి నేను చాలా పేజీలు రాసుకున్నాను. వద్దండి అన్న ఒక్క మాట చాలు. అంత చిన్న మాట. ఇద్దరు పరాయి మగవాళ్లున్న గదిలో నోరు తెరిచి ఆ మాట అనడం నా వల్ల కాలేదు. బ్రష్షు గోడ మీద పైకీ కిందకీ వెళ్లడం చూస్తూ కూర్చున్నాను. నా మొహం మీద ఆ మర్యాదనవ్వు అలాగే ఉండిపోయింది. రంగు పూర్తయ్యాక పేజీ తిప్పాను.

సాయంత్రం అత్తయ్య అడిగారు. "చింతపండేనా?"

ఊఁ అన్నాను.

గోడలు ఆరాక బీరువా వెనక్కి జరిపేశారు. గది చూసి అందరూ బాగుందన్నారు. అత్తయ్య తన చోట కూర్చున్నారు. మొదట వచ్చినామెకి తలనొప్పని చెప్పి పంపేశారు. రెండోసారి వచ్చినామెకి రేపు రమ్మన్నారు. వారం తిరగకుండా ఒకరోజు, మిరపపండు రంగు చీర మీదకి ఆవిడ ముదురు ఆకుపచ్చ ముక్క తీసి ఇచ్చారు. తీసుకున్నామె హాస్యమనుకుని పకపకా నవ్వింది. అత్తయ్య కూడా నవ్వబోయారు. తర్వాత ఆ ముక్క ఏ రంగో అడగలేక, చేతిలో అలాగే పట్టుకుని, పక్కనున్న గోడ వైపు తల తిప్పారు. ఆ తిప్పడం నాకు ఇప్పటికీ కనపడుతూనే ఉంటుంది.

నవ్వినామె నవ్వు ఆపేసి, కొట్టుకి వెళ్లి నాన్నగారికి చెప్పింది.

నాన్నగారు ఆ సాయంత్రం అత్తయ్య అద్దాలు తీసి, టార్చిలైటు అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత టార్చి ఆర్పకుండానే కింద పెట్టి కూర్చుండిపోయారు. "ఏడాది నుంచా అక్కా? ఒకే ఇంట్లో ఉండి?" అన్నారు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. అత్తయ్య ఏమీ వద్దనలేదు. కాకినాడ వెళ్దామంటే సరే అన్నారు. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నారో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

ముందు ఒక కన్ను, నెల ఆగి రెండోది. సీసా అడుగంత మందం అద్దాలిచ్చారు. మొదటిసారి అవి పెట్టుకుని నన్ను చూసి, "నువ్వింత పొడుగయ్యావా వరాలూ! మాట చూస్తే ఇంకా అంతే ఉంది" అన్నారు. అందరం నవ్వాం. ఇంట్లో పండగలా ఉంది. ఆవిడ తిన్నగా వీధి గదిలోకి వెళ్లి, ఆ గోడ ముందు నిలబడి, వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా చూశారు.

ఆ తర్వాత అత్తయ్య మళ్లీ చీరలకి ముక్కలు తీశారు, తన కళ్లతో. బాగానే తీసేవారు. ఇదివరకటంత నిక్కచ్చిగా రావట్లేదని వచ్చినవాళ్లు బయటికెళ్లి అనుకునేవారట.

నేను నాన్నగారిని అడిగి ఆ ఒక్క గోడకి మళ్లీ రంగు వేయించి ఉండొచ్చు. ఎందుకు అని ఆయన అడుగుతారు. ఆ ఎందుకుకి జవాబు రోజూ డైరీలో రాసుకునేదాన్ని, రోజూ రేపు చెబుదామనుకునేదాన్ని.

నేను ప్రైవేటుగా బి.ఏ. కట్టాను. వేసవిలో పరీక్షలకి రాజమండ్రి వెళ్లి పిన్నిగారింట్లో ఉన్నాను. నాలుగో పరీక్ష రాసి వచ్చేసరికి నాన్నగారు పంపిన మనిషి గుమ్మంలో ఉన్నాడు. అత్తయ్య మధ్యాహ్నం భోంచేసి చాప మీద పడుకుని లేవలేదు. గుండె అన్నారు.

పన్నెండో రోజు అయ్యాక వీధి గది ఖాళీ చేశారు. ముక్కలన్నీ కొట్టుకి పంపేసి, బీరువా బయటికి మోయించారు. సూరిబాబు కూడా ఒక చెయ్యి వేశాడు. బీరువా తీసిన గోడ మీద, ఆ ముదురు రంగు మీద, అరచేయంత మేర నిగనిగలాడుతూ నూనె మరక ఉంది.

అందరూ చూశారు. చెమ్మ అన్నారు నాన్నగారు. సూరిబాబు వేలితో రాసి, వేలు వాసన చూసి, "చెమ్మ కాదండి, నూనేనండి. ఎలక దూరే సందు లేదు కదండి ఇక్కడ, నూనె ఎలాగొచ్చిందండి?" అన్నాడు. తర్వాత భుజం మీద తువ్వాలుతో వేలు తుడుచుకుని బయటికెళ్లిపోయాడు.

అది దసరా ముందు నా కళ్లెదుట రంగు వేసిన గోడ. మావయ్య ఆనుకున్న గోడకి ఎదురుగా, పూర్తిగా చింతపండు పడిన గోడ. వేసిన రోజు నుంచి బీరువా దానికి ఆనుకునే ఉంది. మధ్యలో చెయ్యి కూడా పట్టదు. నేను కొట్టులోంచి టేపు తెచ్చుకుని, ఎవరూ లేనప్పుడు కొలిచాను. నేల నుంచి మరక మధ్యకి ముప్పై ఒకటిన్నర అంగుళాలు. పాత మరకని కూడా రంగు వెయ్యకముందు ఒకసారి కొలిచి రాసుకున్నాను. డైరీ తీసి చూశాను. ముప్పై ఒకటిన్నర.

బీరువా చెక్క నూనె వదిలిందేమో అని దాని వెనక తడిమాను. పొడిగా ఉంది. గోడ అవతల మా వంటిల్లు కాదు, దుకాణమూ కాదు, ఖాళీ సందు. ఇంకే కారణమైనా ఉంటే తెలిసినవాళ్లు చెప్పాలి, నాకు తట్టలేదు. ఆ మరక మీద తర్వాత రంగు వేశారు. ఆ గదిలో ఇప్పుడు కొట్టు మూటలు పెడుతున్నారు. నేను అందులోకి వెళ్లను.

ఏడు నెలలు ఆ మరక బీరువా వెనక ఉంది. ఇవతల అత్తయ్య తన చోటే, బెల్లం రంగు గోడ వైపు తల తిప్పుకుని కూర్చున్నారు.

పరీక్షలకి బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం పుస్తకాలు సర్దుకుంటున్నాను. అత్తయ్య పిలిచారు. వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఇప్పుడు ఆవిడకి కనపడుతున్నాను కాబట్టి వెంటనే రమ్మన్నారు. పాత నమూనా అట్ట ఎక్కడ్నుంచి తీశారో, దాన్ని గోడకి ఆన్చి పట్టుకుని, మందపాటి అద్దాల్లోంచి ఒకసారి దాన్నీ ఒకసారి గోడనీ చూస్తున్నారు. నాన్నగారు పెన్సిలుతో చుట్టిన రెండు సున్నాలూ ఇంకా ఉన్నాయి.

"ఎంత చూసినా తేడా తెలియట్లేదే. నువ్వు ఆ రోజు కూర్చున్నావు కదా. ఇది చింతపండేనా? నిజం చెప్పు."

గదిలో ఇద్దరమే ఉన్నాం. పరాయివాళ్లెవరూ లేరు. చెప్పడానికి అడ్డం ఏమీ లేదు. కాకపోతే చెప్పాలంటే, నేను చూస్తూ ఊరుకున్నానని, ఆ రోజే నవ్వానని, మొదటిసారి అడిగినప్పుడు అబద్ధమాడానని కూడా చెప్పాలి.

"చింతపండే అత్తయ్యా" అన్నాను.

ఆవిడ అట్ట కిందకి దించారు. అద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"అయితే గోడ తప్పేమీ లేదన్నమాట. ఆయనే వెళ్లిపోయారు."